యతి చెవికా, కంటికా? (ఒక ఆటవెలది మీద రగడ)

పెరటిజామ:
మా పద్యాల వాట్సాప్ గ్రూపులో నిన్న నా ఆటవెలది పద్యాన్ని తిప్పికొట్టారు. మూడు పాదాలు ఇవీ, నాలుగోది ఇంకా కుదర్లేదు:

మామిడాకు పచ్చ మసకబారిన వేళ
తలుపు తెరిచి చూసె తాత నేడు
వాన చినుకు రాలి గుమ్మమంతట తడి

గణాలన్నీ (లఘువు, గురువు అనే పొట్టి, పొడుగు అక్షరాల గుంపులు) సరిపోయాయి. కానీ మూడో పాదం మొదట ‘వా’ ఉంది, నాలుగో గణం మొదట ‘గు’ ఉంది, ఆ రెండక్షరాలకీ మైత్రి లేదు, అంటే జత కుదరదు, యతి తప్పింది, కాబట్టి ఇది పద్యమే కాదట! ఒక్కసారి పైకి చదివి చెప్పండి, ఎక్కడైనా చెవికి తట్టిందా? నడక అంతా గణాలదే. యతి లెక్క చూసుకునేవాడి కంటికే కనపడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి దాన్ని సడలిస్తే కొంపేం మునుగుతుంది?

మూడోబెంచి:
నా ఓటు మీకే. బళ్ళో గణాల గుర్తుకి యమాతారాజభానసలగం బట్టీపట్టి, ఉత్పలమాల అంటే భరనభభరవ గణాలు, పదో అక్షరం యతి అని రాసి మార్కులు కొట్టేశాను. అది ఎలా మోగుతుందో ఒక్కరూ చదివి వినిపించలేదు. అసలు అ, య, హలకి మైత్రి ఏమిటండీ? ‘అద్దం’లో ‘హద్దు’ ఎవరికి వినపడింది?

పాతపంతులు:
హ అంటే అ మీద కాస్త ఊపిరి, అంతేనండీ. మన పల్లెల్లో ఎంతమంది హకారం పూర్తిగా పలుకుతారు? మీరు అడగాల్సింది ఋకారం గురించి. కృష్ణుణ్ణి మనం ‘క్రుష్ణుడు’ అనే పిలుస్తాం, యతికి మాత్రం ‘కి’తో కలుపుతాం. అది చెవి లెక్క కాదు, ఒప్పుకుంటాను.

కానీ పెరటిజామ గారూ, మీ మొదటి పాదమే మళ్ళీ చదవండి. మామి, డాకు, పచ్చ: మూడూ సూర్యగణాలనే చిన్న గణాలు, మూడేసి మాత్రల (లఘువుకి ఒకటి, గురువుకి రెండు) నడక. తర్వాత మసకబా, రినవేళ: రెండు ఇంద్రగణాలు, అడుగు పెద్దదైంది. ఆ నడక మారే చోటే ‘మ’ వచ్చి ‘మా’ని గుర్తుచేస్తోంది. సంస్కృతంలో యతి అంటే ఆగడం. మనం ఆగక్కర్లేదు, మాటని మధ్యలో విరవక్కర్లేదు, అక్షరాన్ని పలకరిస్తే చాలు. కన్నడంవాళ్ళకి రెండో అక్షరపు ప్రాస ఉంది కానీ ఈ పలకరింపు నియమం లేదు.

వేమన ‘చూడ చూడ రుచులు జాడ వేరు’ అన్నాడు. చూ, జా: హల్లులు కలిశాయి, అచ్చులు కలవలేదు. అందుకని చూడ–జాడ అని రెండో అక్షరాన్ని కలిపాడు. దాన్నే ప్రాసయతి అంటాం. చదువు రానివాళ్ళ నోట కూడా ఆ పాదం ఇన్నాళ్ళూ నిలిచిందంటే కంటి పనేనా?

ఏడుసముద్రాలవతల:
పంతులుగారూ, ఆ పద్యంలోనే పై పాదం చూడండి. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు’. నేను సరదాకి యతి పట్టుకునే చిన్న ప్రోగ్రాం రాసుకుంటున్నాను, అది ఇక్కడే బోల్తా పడింది. చెవికి వినపడేది ‘నొ’. ద్రుతాన్ని (ముందు మాట చివర చేరే నకారాన్ని) పక్కకి తీసి లోపలున్న ‘ఒ’ని ‘ఉ’తో కలపాలి. అంటే వ్యాకరణం తెలిసిన కన్ను కావాలి!

ఇంకోటి. గురజాడ ముత్యాల సరాలనే తన ఛందస్సులో ఈ యతి నియమం వదిలేశాడు. ‘దేశమును ప్రేమించుమన్నా’: దేశ, మునుప్రే, మించు, మన్నా. మూడు, నాలుగు, మూడు, నాలుగు, మొత్తం 14 మాత్రలు. (‘ప్రే’ ముందున్న ‘ను’ గురువు కాదా అని అడక్కండి, వేరే మాట కాబట్టి అక్కడ తేల్చి పలుకుతాం.) తడబాటు ఎక్కడైనా ఉందా?

పాతపంతులు:
లేదు. ఆయన దాన్ని ఆటవెలది అనలేదు కూడా, వేరే పేరు పెట్టుకున్నాడు. పెరటిజామ గారూ అలాగే పెట్టుకోవచ్చు, ఎవరూ కాదనరు.

మూడోబెంచి:
అమ్మమ్మ మీద పరీక్ష పెట్టాను. ‘విశ్వదాభిరామ చదువు వేమ’ అన్నాను. గణాలు అవే, వి–వి యతి పోయింది. ‘తప్పురా’ అంది వెంటనే. అయితే ఆవిడకి అసలు పాదం కంఠతా వచ్చు కదా, ఈ పరీక్ష చెల్లదు. నా పక్షానికి నేనే గండి కొట్టుకోకుండా ముందే చెప్పేస్తున్నా.

పాతపంతులు:
మీ గుమ్మం మీకు ఉంచి మూడో పాదం ఇలా అనొచ్చేమో:

కురిసి కురిసి వాన గుమ్మమంతట తడి

కు, గు కలుస్తాయి. మీ పాత పాదంలోనే ‘వాకిలంతట తడి’ అన్నా యతి కుదిరేది కానీ వానకి వాకిలి తడవడంలో వింతేముంది, గుమ్మం తడిస్తేనే జల్లు లోపలికి కొట్టినట్టు.

పెరటిజామ:
బాగుందని ఒప్పుకోవడానికి మనసు రావట్లేదు, కానీ బాగుంది. ఒక్క ఫిర్యాదు. నాది నాలుగు చినుకులు రాలిన సాయంత్రం, మీరు జడివాన చేశారు. వాతావరణం మారిపోయింది మాష్టారూ.

మీ దెబ్బకి నాలుగో పాదం మాత్రం వచ్చింది:

కొడు కడుగుల జాడ కూడ లేదు

మూడోబెంచి:
కొ, కూ కలుస్తాయా?

పాతపంతులు:
ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. నిక్షేపంగా కలుస్తాయి. చూశారా, అలవాటైతే చెవి అదే వెతుక్కుంటుంది.

పెరటిజామ:
చెవీ లేదు ఏమీ లేదు, పట్టిక ముందు పెట్టుకుని రాశాను. మొదట ‘మనవ డడుగు జాడ కూడ లేదు’ అని ఉంది. తాత ఎదురుచూసింది మనవడి కోసమే. యతి కోసం వాణ్ణి కొడుకుని చేయాల్సి వచ్చింది. దీనికేమంటారు?