పెద్దలు, పిల్లలతో వెళ్లడానికి ఇంగ్లండ్‌లో ప్రశాంతమైన బీచ్ ఏది?

మేం లెస్టర్‌లో ఉంటాం. ఆగస్టులో కొద్ది రోజులు సముద్రం దగ్గర గడపాలని ఉంది. ఇద్దరు పిల్లలు, కాకినాడ నుంచి వచ్చిన మా అత్తయ్య, మామయ్య కూడా వస్తారు. బ్రైటన్ వద్దనుకున్నాం. జనం ఎక్కువ, పైగా అక్కడ ఉన్నవి గులకరాళ్లు. మా చిన్నది పిచ్చుకగూళ్ల కోసం ఇప్పటినుంచే బకెట్టు పట్టుకుని తిరుగుతోంది.

నార్ఫోక్‌లోని వెల్స్-నెక్స్ట్-ద-సీ మాకు దగ్గర. ఇసుక, పైన్ చెట్ల నీడ, రంగురంగుల చెక్క గదులు అన్నీ బాగున్నాయి. కానీ ఊరి నుంచి బీచ్ సుమారు 1.5 కిలోమీటర్లు. ఆటు సమయంలో నీళ్లు ఇంకా వెనక్కి పోతాయి, పోటు వస్తుంటే సైరన్ మోగిస్తారు. మామయ్య మోకాళ్లతో అది కష్టమే.

రెండోది నార్తంబర్లాండ్‌లోని బీడ్నెల్. దగ్గర్లో బాంబరో కోట ఉంది. అయితే ప్రయాణం చాలా దూరం, ఆ ఉత్తర సముద్రపు గాలికి అత్తయ్య శాలువా తీయరేమో!

బీడ్నెల్‌లో కారు ఆపిన చోటు నుంచి ఇసుక దాకా పెద్దలు సులువుగా నడవగలరా? మరుగుదొడ్లు దగ్గరేనా? మేం శాకాహారులం. ఉత్తరాదిన చాలా దుకాణాల్లో చిప్స్‌ను గొడ్డు కొవ్వులో వేయిస్తారు కాబట్టి వాటినీ నమ్మలేం. వంటగది ఉన్న ఇల్లు తీసుకోవడమే మేలంటారా? ఈ రెండూ కాక మరో చోటు తెలిసినా చెప్పండి.