పాస్‌పోర్టు విచారణకు పోలీసు ఇంటికి రావాలా, వద్దా? తిరుపతివాళ్లు చెప్పండి

కొర్లగుంట వాసి:
నిన్న మా వీధిలో ఒక అబ్బాయి పాస్‌పోర్టు విచారణకు కానిస్టేబుల్ వచ్చి నన్ను సాక్షి సంతకం అడిగారు. ఆ పిల్లోడు పుట్టినప్పటి నుంచి తెలుసు కాబట్టి పెట్టాను. సాయంత్రం టీ అంగడి దగ్గర అందరూ ఒకటే మాట: ఆధార్ ఉంది, పాస్‌పోర్టు సేవా కేంద్రంలో వేలిముద్రలు తీసుకుంటున్నారు, ఇక ఇంటికి పోలీసు రావడం దేనికి అని.

నేను ఒప్పుకోను. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టం 9వ సెక్షన్‌లోనే ఉంది. వేలిముద్ర చూస్తే ఈ మనిషీ కార్డులో మనిషీ ఒకరే అని తెలుస్తుంది. కార్డు తీసుకున్న రోజు అతను చెప్పిన ఊరూ పేరూ నిజమేనా అనేది తెలియదు. 2021లో నిజామాబాద్ జిల్లా బోధన్‌లో ఏం బయటపడిందో గుర్తుందా? బంగ్లాదేశ్ వాళ్లకు కొద్దిపాటి ఇళ్ల చిరునామాల మీద 72 పాస్‌పోర్టులు వచ్చాయి. ఒక్క పోలీసు నిజంగా ఆ గడప దాకా వెళ్లి పక్కింటివాళ్లను అడిగి ఉంటే అక్కడ ఎవరుంటున్నారో అప్పుడే తేలిపోయేది. నా మటుకు ఇంటి విచారణ ఉండాల్సిందే.

హాస్టల్ నుంచి అద్దె ఇంటికి:
అన్నా, సొంతిల్లు ఉండి, వీధంతా తెలిసినవాళ్లయితే మీరు చెప్పింది సరే. నేను చదువు కోసం వచ్చి ఇక్కడే ఉద్యోగంలో ఉన్నాను. నా విచారణ అప్పుడు ఇంటి ఓనరు సంతకం పెట్టనన్నాడు, పోలీసు ఇంటికొస్తే పరువు పోతుందని. పక్క పోర్షన్ వాళ్లు వచ్చి నెల కాలేదు, వాళ్లకు నేనెవరో తెలియదు. రెండుసార్లు స్టేషన్‌కి పిలిచారు. చివరికి వచ్చినాయన "ఖర్చులకు" అని చెయ్యి చాపాడు. ఒంటరిగా ఉండే ఆడపిల్లను, ఇవ్వకపోతే రిపోర్టు ఏం రాస్తాడో అని ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. ఇచ్చేశాను. ఇప్పటికీ బాధగా ఉంది.

ఇంకో మాట. బోధన్ కేసులో విచారణ బాధ్యత ఉన్న స్పెషల్ బ్రాంచి పోలీసులే అరెస్టయ్యారు. విచారణ అయినట్టు కాగితం ఉంది, మోసమూ జరిగింది. అదే ఒకే ఇంటి నంబరు మీద పదో దరఖాస్తు పడగానే కంప్యూటరు ఆపేసి ఉంటే? దానికి లంచం ఇవ్వలేరు కదా.

కొర్లగుంట వాసి:
అమ్మా, డబ్బులడగడం ముమ్మాటికీ తప్పు. మామూలు పాస్‌పోర్టుకి 1500 రూపాయలు ముందే కడతాం, విచారణకని పోలీసుకి ఒక్క పైసా ఇవ్వక్కర్లేదు. ఒకే చిరునామా మీద వచ్చేవి లెక్కపెట్టాలన్న మాట నాకు నచ్చింది. అయితే ఆ పదో దరఖాస్తు ఆగాక నిజం తేల్చడానికి మళ్లీ మనిషే వెళ్లాలి కదా?

రేణిగుంట సాఫ్ట్‌వేర్:
చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టు వచ్చింది కదా, ఇంక దొంగ పాస్‌పోర్టులు ఉండవు అనుకునేవాళ్లకు ఒక మాట. చిప్‌లోని వివరాల మీద డిజిటల్ సంతకం ఉంటుంది. ఫోటో మార్చడం, పేజీ మార్చడం లాంటివి చేస్తే విమానాశ్రయంలో దొరికిపోతారు. అది మంచిదే. కానీ దరఖాస్తులోనే అబద్ధం రాస్తే, ప్రభుత్వమే ఆ అబద్ధం మీద సంతకం పెట్టి ఇస్తుంది. చిప్ అక్కడ ఏమీ చేయలేదు.

పీలేరు అన్న:
పైన చెప్పిందే మా ఇంట్లో జరిగింది. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను.

మా చెల్లెలు ఏడో తరగతి దాకా చదివింది. భర్త వదిలేశాక కువైట్‌లో ఇంటిపనికి పోతానంది. పది పాస్ కాకపోతే ఈసీఆర్ పాస్‌పోర్టే వస్తుంది, అంటే కువైట్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. 30 ఏళ్లు నిండని ఆడవాళ్లకు ఆ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి అనుమతి ఇవ్వరు. అప్పుడు దానికి 26. ఏజెంటు "అదంతా నేను చూసుకుంటా" అన్నాడు. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం మార్పించాడు, దాని మీద పాస్‌పోర్టు తీయించాడు. మాకు తెలియదని అబద్ధం చెప్పను. తెలిసీ ఊరుకున్నాం.

పోలీసు మా ఇంటికి వచ్చాడు. నిజంగానే వచ్చాడు, డబ్బులూ అడగలేదు. పక్కింటి అత్తను అడిగితే "అవును, ఈ ఇంటి పిల్లే" అంది. మనిషి నిజం, ఊరు నిజం, ఇల్లు నిజం. వయసు మాత్రం అబద్ధం. దాని గురించి ఎవరూ అడగలేదు. ఆ 30 ఏళ్ల నిబంధన మా చెల్లెలి లాంటివాళ్లను కాపాడడానికే పెట్టారని ఇప్పుడు అర్థమవుతోంది. అక్కడ ఆ ఇంట్లో అది పడిన కష్టం ఇక్కడ రాయలేను. తిరిగొచ్చింది. ఇప్పుడు అసలు తేదీకి మార్చుకోవాలంటే కేసు పెడతారేమో అని భయపడుతోంది.

కాబట్టి పోలీసు రావాలా వద్దా అని మీరు కొట్లాడుకుంటున్నారు గానీ, మా ఇంటి మోసం పోలీసుకీ దొరకలేదు, కంప్యూటరుకీ దొరకలేదు.

చిత్తూరు, రిటైర్డ్ టీచర్:
నాయనా, ధైర్యంగా రాశావు.

నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు తల్లిదండ్రులకు పిల్లల పుట్టినరోజు గుర్తుండేది కాదు. వరి కోతలప్పుడు పుట్టాడు అనేవాళ్లు. ఏదో ఒక జూన్ తేదీ వేసేవాళ్లం. అలాంటి తేదీలే టెన్త్ సర్టిఫికెట్లకు ఎక్కాయి. పాస్‌పోర్టుకి పుట్టిన తేదీ రుజువుగా ఆధార్, పాన్, ఎల్‌ఐసీ బాండు, పెన్షన్ ఆర్డరు లాంటివి కూడా చాలని 2016 డిసెంబరులో అన్నారు. ఇంట్లో పుట్టిన ముసలివాళ్లకు అది పెద్ద మేలు. అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్లే మా అక్కకు అలాగే పాస్‌పోర్టు వచ్చింది. నీ చెల్లెలి విషయంలో ఏజెంటు వాడుకున్నదీ ఆ తలుపే. 2025లో మార్చిన నిబంధన ప్రకారం 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. అంతకు ముందు పుట్టినవాళ్లందరికీ పాత పద్ధతే.

అందుకే నేననేది: ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చాక పాస్‌పోర్టుకి వస్తే, ఆ మార్పు పాస్‌పోర్టు ఆఫీసుకి కనబడాలి. విచారణకు వెళ్లే పోలీసు చేతిలో ఆ ఒక్క ప్రశ్న ఉండాలి: ఎందుకు మార్చారు, బడి రిజిస్టరులో ఏముంది? ఊళ్లో బడి ఎక్కడికీ పోదు.

హాస్టల్ నుంచి అద్దె ఇంటికి:
పీలేరు అన్నా, మీ చెల్లెలి గురించి చదివి ఏడుపొచ్చింది. టీచరుగారు చెప్పినట్టు ఫలానా ప్రశ్న అడగడానికి వస్తే నాకూ అభ్యంతరం లేదు. వచ్చినాయన పేరు, అడిగిన ప్రశ్నలు దరఖాస్తుదారుకి మెసేజ్‌గా రావాలి. అప్పుడు చెయ్యి చాపడానికి భయపడతారు.

కొర్లగుంట వాసి:
పక్కింటివాళ్లకు అన్నీ తెలుస్తాయని వాదించాను. తెలిసినా కొన్ని చెప్పరని నువ్వు చూపించావు తమ్ముడూ. నిన్న నేను పెట్టిన సంతకం కూడా ఆ అబ్బాయి ఎవరో చెప్పడానికే, వయసు నేను చూడలేదు.

చెల్లెలి విషయం దాచిపెట్టొద్దు. తప్పు సమాచారంతో తీసుకున్న పాస్‌పోర్టును పాస్‌పోర్టు చట్టం 10వ సెక్షన్ కింద రద్దు చేయొచ్చు. 12వ సెక్షన్‌లో రెండేళ్ల దాకా జైలు, 5000 దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. కాబట్టి ముందు ఒక వకీలును కలవండి. ఇంకో ఏజెంటు దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. వకీలు చూసి చెప్పాక, రీ-ఇష్యూలో పుట్టిన తేదీ మార్పు అడుగుతూ జరిగింది జరిగినట్టు రాసివ్వండి. బడి అడ్మిషన్ రిజిస్టరు నకలు ఉంటే బలం.

పీలేరు అన్న:
సోమవారం బడికి పోతాను సార్. హెడ్మాస్టరు మారారు, రిజిస్టరు బీరువాలో ఉందంట. చెల్లెలు కూడా వస్తానంటోంది.