మిగిలిన పార్టులతో పాత వాటర్ కూలింగ్ సిస్టమ్ మళ్ళీ కట్టాలి: ఏవి వాడొచ్చు, ఏవి పక్కన పెట్టాలి?

ప్రశ్న:

నమస్కారమండీ. 2011 నాటి కోర్ ఐ7-2600కె ప్రాసెసర్, ఎల్‌జీఏ 1155 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్3 ర్యామ్ నా దగ్గర పనిచేసే స్థితిలోనే ఉన్నాయి. తెలిసినవాళ్ళు తమ సిస్టమ్‌లు మార్చుకున్నప్పుడు తీసేసిన వాటర్ కూలింగ్ సామాను కూడా నా దగ్గరికి చేరింది. ఎల్‌జీఏ 1366 సిస్టమ్ నుంచి తీసిన సీపీయూ బ్లాక్ (ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని నీళ్ళకు ఇచ్చేది), ట్యాంకుతో కలిసి ఉన్న డీ5 రకం పంపు, నీళ్ళ వేడిని గాలికి వదిలే 240 ఎంఎం రేడియేటర్లు రెండు, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ట్యూబు, సంచి నిండా ఫిట్టింగులు ఉన్నాయి. ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా) మాడ్యులర్ రకం, అంటే కేబుళ్ళు విడిగా ఊడి వచ్చేది. దాని కేబుళ్ళు రాలేదు, వేరే ఎస్‌ఎంపీఎస్‌ల కేబుళ్ళు మాత్రం బోలెడున్నాయి.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11 అధికారికంగా ఈ ప్రాసెసర్‌ని ఒప్పుకోదు. అందుకని లైనక్స్ వేసి రోజువారీ పనికి వాడుకుందామని. రేడియేటర్లలో ఒకటి బాగా తేలిగ్గా ఉంది, రెండోది బరువుగా ఉంది. బ్లాక్ లోపల తెల్లగా ఏదో కనిపిస్తోంది. దేనితో మొదలుపెట్టాలి? నీళ్ళు కారి బోర్డు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

నీళ్ళ సంగతి తర్వాత చూద్దామండీ. మీ లిస్టులో నాకు అన్నిటికంటే భయం వేసింది ఆ కేబుళ్ళను చూసి.

మాడ్యులర్ కేబుల్‌కి మదర్‌బోర్డు వైపు, డ్రైవ్ వైపు ఉండే కొనలకు మాత్రమే అందరూ పాటించే పద్ధతి ఉంది. ఎస్‌ఎంపీఎస్ వైపు కొనకు అలాంటిదేమీ లేదు. ఏ కంపెనీ పిన్నుల వరుస ఆ కంపెనీది. ఒకే కంపెనీలో కూడా ఒక సిరీస్‌కీ ఇంకో సిరీస్‌కీ తేడా ఉంటుంది. ప్లగ్గు చక్కగా దూరుతుంది, క్లిప్పు కూడా పడుతుంది, కానీ 5 వోల్టులు రావలసిన తీగలో 12 వోల్టులు వస్తాయి. స్విచ్ వేసిన క్షణంలో ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్ పోతాయి. వాటర్ కూలింగ్ లీకైనా బోర్డు దక్కించుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. తప్పు కేబుల్‌తో డ్రైవ్ దక్కించుకున్నవాళ్ళు తక్కువ. మీ మోడల్‌కి ఈ కేబుల్ సరిపోతుందని తయారీదారు స్వయంగా చెప్పిన కేబుళ్ళు దొరికితే సరే. లేకపోతే ఆ ఎస్‌ఎంపీఎస్‌ని పక్కన పెట్టి, కేబుళ్ళు దానికే అతికి ఉన్న మంచిది ఒకటి తెచ్చుకోండి. ఎలాగూ పాత ఎస్‌ఎంపీఎస్‌లో కెపాసిటర్లు వయసుతో బలహీనపడి ఉంటాయి.

ఇక రేడియేటర్లు. తేలిగ్గా ఉన్నది అల్యూమినియం అయ్యే అవకాశం ఎక్కువ. సీపీయూ బ్లాక్ అడుగు రాగి. రాగి, అల్యూమినియం ఒకే నీళ్ళలో ఉంటే రెండింటి మధ్య చిన్న బ్యాటరీ ఏర్పడినట్టే. అందులో కరిగిపోయేది అల్యూమినియం. మొదట నీళ్ళు మసకబారతాయి, తర్వాత ఆ పొడి బ్లాక్‌లో పేరుకుంటుంది, చివరికి రేడియేటర్‌కే చిల్లు పడుతుంది. బరువు ఒక్కటే చూసి తేల్చకండి. కనపడని మూల రంగు కాస్త గీకండి. ఎర్రగానో పసుపుగానో మెరిస్తే రాగి, ఇత్తడి. వెండిలా తెల్లగా ఉంటే పక్కన పెట్టేయండి. అయస్కాంతంతో ఇది తేలదు, ఇవేవీ దానికి అంటుకోవు.

రెండో రేడియేటర్ లేకపోతే చాలదేమో అని బెంగ వద్దు. 2600కె టీడీపీ, అంటే అది వదిలే వేడి లెక్క, 95 వాట్లు. మంచి 240 రేడియేటర్ ఒక్కటే దానికి ధారాళంగా సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాన్ని దాని ఫ్యాన్‌తోనే వదిలేయండి. కార్డు బ్లాకులు ఒక్కో మోడల్‌కీ ప్రత్యేకంగా చేస్తారు, సంచిలో దొరికింది మీ కార్డుకు కూర్చోవడం అరుదు.

ఆ పారదర్శక ట్యూబు పారేయండి. మెత్తగా ఉండడానికి ప్లాస్టిక్‌లో కలిపే పదార్థం కాలంతో నీళ్ళలోకి దిగి, బ్లాక్‌లోని సన్నని గాడుల్లో జిడ్డులా పేరుకుంటుంది. మీరు చూసిన తెలుపు బహుశా అదే. కొత్తది నల్లని ఈపీడీఎం రబ్బరు ట్యూబు తీసుకోండి. లోపలి నీళ్ళు కనపడవు గానీ ఈ బెడద ఉండదు. ట్యూబు కొనేముందు ఫిట్టింగుల సైజు కొలవండి. బ్లాక్‌లోకి దిగే మర దాదాపు అన్నిటికీ జీ1/4 కాబట్టి చిక్కు లేదు. ట్యూబు పట్టే వైపు మాత్రం 10/13, 10/16 ఇలా రకరకాలుగా ఉంటాయి, సంచిలో కలిసిపోయి ఉంటాయి.

బ్లాక్‌ని తప్పకుండా విప్పండి. పై నుంచి నీళ్ళు పోసి కడిగితే ఆ జిడ్డు రాదు. విప్పేటప్పుడు ప్రతి దశలో ఫోటో తీయండి, ముఖ్యంగా మధ్యలో ఉండే పల్చటి జెట్ ప్లేటు (నీళ్ళను గాడుల మీదకు చిమ్మే రేకు) ఏ వైపు తిరిగి ఉందో. మెత్తటి టూత్ బ్రష్, గిన్నెలు తోమే సబ్బు చాలు. వట్టి రాగికి చిలుము పట్టి ఉంటే నీళ్ళు కలిపిన వెనిగర్‌లో కొద్ది నిమిషాలు ఉంచి, వెంటనే బాగా కడగాలి. నికెల్ పూత ఉంటే వెనిగర్ జోలికి పోవద్దు. పైభాగం యాక్రిలిక్ అయితే ఆల్కహాల్ తగలనివ్వకండి, సన్నని పగుళ్ళు వస్తాయి. మరిగే నీళ్ళూ వద్దు. ఓ-రింగులు (నీళ్ళు కారకుండా ఆపే రబ్బరు చుట్లు) చదునుగా అణిగిపోయి ఉంటే మార్చేయండి.

ఇంకొకటి. 1366 సాకెట్ రంధ్రాల మధ్య దూరం 80 ఎంఎం, మీ 1155కి 75 ఎంఎం. ఆ బ్లాక్‌కి 115ఎక్స్ బ్రాకెట్ (1155 వంటి సాకెట్లకు బ్లాక్‌ని బిగించే పట్టీ) విడిగా కావాలి. రంధ్రాలు సాగదీసి బిగించే ప్రయత్నం చేయకండి.

మరో సభ్యుడు:

ఇంత శ్రమ దేనికండీ? ఓ మంచి ఎయిర్ కూలర్ పెడితే 95 వాట్లు హాయిగా లాగేస్తుంది కదా.

సమాధానం:

నిజమే. పని జరిగితే చాలనుకునేవాళ్ళకు నేనూ అదే చెబుతాను. కానీ ఈయన దగ్గర మంచి పంపు, రేడియేటర్ ఉన్నాయి. శుభ్రం చేస్తే ఇంకా ఏళ్ళ తరబడి పనిచేసే వస్తువులవి, చెత్తలోకి పోకూడదు.

ప్రశ్న అడిగినవారు:

చాలా థ్యాంక్స్ అండీ. గీకి చూశాను. తేలికది తెల్లగా ఉంది, బరువుది పసుపు. బ్లాక్ విప్పితే గాడులు సగం పైగా తెల్లటి జిగురుతో మూసుకుపోయి ఉన్నాయి, అన్నీ కడిగాను. 115ఎక్స్ బ్రాకెట్, కేబుళ్ళు అతికి ఉన్న ఎస్‌ఎంపీఎస్ దొరికాయి. రేడియేటర్ ఎలా కడగాలి, ఏ నీళ్ళు పోయాలి, లీకు ఎలా చూడాలి?

సమాధానం:

రేడియేటర్‌లో వేడి నీళ్ళు సగం పోసి, రెండు మూతలూ బిగించి, గట్టిగా ఊపి పారబోయండి. వచ్చే నీళ్ళు తెల్లటి గిన్నెలో తేటగా కనిపించేదాకా చేస్తూ ఉండండి. చివరి కడుగుడు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే, లేకపోతే కుళాయి నీళ్ళ ఉప్పు లోపల మిగిలిపోతుంది. నింపడానికీ డిస్టిల్డ్ వాటరే, అందులో నాచు పట్టకుండా వేసే బయోసైడ్ కలపండి. లేదా ఇందుకోసమే అమ్మే రెడీమేడ్ కూలెంట్. పాలలా మెరిసే రంగు కూలెంట్లు పాత సామానుకు వద్దు, అందులోని పొడి మళ్ళీ అవే గాడుల్లో చేరుతుంది.

వరుసలో ఒక్క నియమమే ముఖ్యం: ట్యాంకు పంపు కంటే ముందు, పైన ఉండాలి. డీ5 తనంతట తాను నీళ్ళు పీల్చుకోలేదు. దాని బేరింగ్‌కి నీళ్ళే కందెన కాబట్టి పొడిగా తిప్పితే అరిగిపోతుంది. మిగతావి ఏది ముందున్నా నీళ్ళ వేడిలో తేడా ఒకటి రెండు డిగ్రీలే. ట్యూబు పొట్టిగా, మడత పడకుండా ఎలా వస్తే అలా వేయండి.

లీకు పరీక్షలో కరెంటు పంపుకు మాత్రమే వెళ్ళాలి. 24 పిన్ ప్లగ్గుగానీ, సీపీయూ ప్లగ్గుగానీ, కార్డు ప్లగ్గుగానీ బోర్డుకు తగిలించకండి. ఎస్‌ఎంపీఎస్ ఆఫ్‌లో ఉండగా 24 పిన్ ప్లగ్గులో ఆకుపచ్చ తీగ ఉన్న 16వ పిన్‌ని, పక్కనున్న ఏదైనా నల్ల తీగ పిన్‌తో చిన్న వైరుతో కలపండి. ఇప్పుడు వెనక స్విచ్ వేస్తే పంపు తిరుగుతుంది. ట్యాంకు ఖాళీ అయ్యేలోపే ఆపండి, నింపండి, మళ్ళీ వేయండి. ప్రతి జాయింటు కింద టిష్యూ పేపరు పరవండి. మచ్చ పడితే ఎక్కడ పడిందో అదే చెబుతుంది. ఒక రాత్రీ పగలూ అలా నడవనివ్వండి. ఫిట్టింగులు చేత్తోనే బిగించాలి. స్పానర్ పెడితే యాక్రిలిక్ పగులుతుంది, సీలు చేసేది ఓ-రింగు గానీ బలం కాదు. డిస్టిల్డ్ వాటర్ కరెంటు మోయదు కదా అని మాత్రం ధీమా పడకండి. బోర్డు మీది దుమ్ము తగలగానే మోస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

లీకు లేదు! కానీ రెండు సమస్యలు. ఆన్ చేయగానే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని ఆగిపోతోంది. బయాస్‌లో (బోర్డు సెట్టింగుల తెరలో) దాన్ని పట్టించుకోవద్దని పెట్టి ముందుకెళ్ళాను. లోడ్ పెడితే కొద్ది నిమిషాల్లోనే 90 డిగ్రీలు దాటుతోంది. రేడియేటర్ ముట్టుకుంటే చల్లగానే ఉంది.

సమాధానం:

మొదటిది చిన్నది. పంపు నుంచి స్పీడు చెప్పే సన్నని తీగ ఒకటి విడిగా వస్తుంది, దాన్ని బోర్డు మీది సీపీయూ ఫ్యాన్ హెడర్‌కి (ఫ్యాన్ ప్లగ్గు పెట్టే పిన్నులకు) పెట్టండి. పంపుకు కరెంటు మాత్రం ఎస్‌ఎంపీఎస్ మోలెక్స్ ప్లగ్గు నుంచే రావాలి. డీ5 ఫుల్ స్పీడులో 20 వాట్లకు పైగా లాగుతుంది, మామూలు ఫ్యాన్ హెడర్ 12 వాట్ల దగ్గరే ఆగుతుంది. తర్వాత బయాస్‌లో ఆ హెచ్చరికను తిరిగి ఆన్ చేయండి. పంపు ఆగితే మీకు మొదట చెప్పేది అదే.

రెండోదానికి ఆధారం మీ మాటల్లోనే ఉంది. రేడియేటర్ వేడెక్కి సీపీయూ కూడా వేడిగా ఉంటే ఫ్యాన్లదో రేడియేటర్‌దో తప్పు. రేడియేటర్ చల్లగా ఉండి సీపీయూ మండుతోందంటే వేడి అసలు నీళ్ళలోకి చేరడం లేదు. ట్యాంకులోకి నీళ్ళు సుడి తిరుగుతూ వస్తున్నాయా చూడండి. వస్తుంటే ప్రవాహం ఉన్నట్టే. అప్పుడు బ్లాక్‌లోకి నీళ్ళు సరైన రంధ్రం నుంచి, అంటే జెట్ ప్లేటు ఉన్న వైపు నుంచి వెళ్తున్నాయా చూడండి. అదీ సరిగ్గా ఉంటే బ్లాక్ తీసి, ప్రాసెసర్‌కీ బ్లాక్‌కీ మధ్య పూసే పేస్ట్ అచ్చు గమనించండి. నాలుగు పక్కలా పల్చగా, సమానంగా పరుచుకుని ఉండాలి.

మరో సభ్యుడు:

బ్రాకెట్ విడిగా కొన్నారు కాబట్టి స్ప్రింగు స్క్రూలు కూడా చూడండి. సెట్టు కలగలిసినప్పుడు ఒక స్క్రూ స్ప్రింగు నొక్కకముందే చివరికంటా దిగిపోతుంది. బిగిసిందని మనకు అనిపిస్తుంది గానీ బ్లాక్ ఒక పక్కకు లేచి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:

సరిగ్గా అదేనండీ! ఒక మూల పేస్ట్ పూసినట్టే దళసరిగా ఉంది. ఆ మూల స్క్రూకి వాషర్ లేదు. వాషర్ వేసి, పేస్ట్ కొత్తగా పూసి, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించాను. ఇప్పుడు ఫుల్ లోడ్‌లో 60 దగ్గరే నిలబడుతోంది. హెచ్చరిక ఆన్ చేశాను, ఎర్రర్ రావడం లేదు. తేదీ మాత్రం ప్రతిసారీ వెనక్కి పోతోంది. ట్యాంకులో నీళ్ళు కాస్త దిగాయి, లీకు కాదు కదా?

సమాధానం:

తేదీ పోవడం సీఆర్2032 బ్యాటరీ అయిపోవడం వల్ల, మార్చేయండి. మారిస్తే బయాస్ సెట్టింగులు మొదటికి వస్తాయి, సాటా మోడ్ (డ్రైవ్‌తో బోర్డు పనిచేసే పద్ధతి) ఏహెచ్‌సీఐలోనే ఉందో లేదో చూసుకోండి. నీళ్ళు దిగింది లోపల చిక్కుకున్న గాలి బయటికి వచ్చినందుకు. క్యాబినెట్‌ని మెల్లగా అటూ ఇటూ వంచి, పంపు ఆపి వేస్తూ ఉంటే మిగిలిన బుడగలూ వస్తాయి. నింపి, మట్టం ఉన్నచోట బయట చిన్న గీత పెట్టుకోండి. టిష్యూలు పొడిగా ఉండీ వారాలు గడిచినా మట్టం అదేపనిగా దిగుతుంటే అప్పుడు వెతకాలి. ఏడాదికోసారి నీళ్ళు మార్చండి. ఆ అల్యూమినియం రేడియేటర్‌ని ఎవరికైనా ఇచ్చేటప్పుడు దాని మీద అల్యూమినియం అని పెద్దగా రాసి ఇవ్వండి.