తేజస్వి నావధీతమస్తు: "నౌ" ఎక్కడ విరవాలి? ఫ్యాకల్టీకి తెలుగేంటి?

వాల్తేరు వాసి:
పాత విద్యార్థుల సంచికకి ఆంధ్ర విశ్వవిద్యాలయం ముద్ర గురించి ఒక పేజీ రాస్తున్నానండీ. ఉదయించే సూర్యుడు యూనివర్సిటీ, చుట్టూ 64 రేకులు 64 విద్యలు, రెండు పాములు జ్ఞానాన్ని వెతికేవాళ్ళూ కాపాడేవాళ్ళూ, ఇంతవరకు బానే నడిచింది. సూర్యకిరణాలు ఫ్యాకల్టీలు, అంటే ఒక కోవ చదువుల గుంపులు, అన్న చోట ఆగిపోయా. శాఖలు అంటే డిపార్ట్‌మెంట్లయిపోతాయి, కళాశాలలు అంటే క్యాంపస్‌లో ఉన్న ఆర్ట్స్, సైన్స్, ఇంజనీరింగ్, లా కాలేజీలు అనుకుంటారు. ఫ్యాకల్టీ అనే రాద్దామంటే ఇవాళ పిల్లలు "మా మ్యాథ్స్ ఫ్యాకల్టీ రాలేదు" అని మాస్టారినే అంటున్నారు. ఇంకోటి, ముద్ర కింద ఉన్న "తేజస్వి నావధీతమస్తు" వాక్యాన్ని మా తెలుగు మాస్టారు "తేజస్వినౌ" అని కలిపి చెప్పినట్టు లీలగా గుర్తు. పుస్తకాల్లో విడిగా ఉంది. ఏది రాయను?

గోదారి గట్టు:
విడిగానే రాయండి. తేజస్వి + నౌ + అధీతం + అస్తు. నౌ అంటే మనిద్దరి. "మనిద్దరి చదువు తేజోవంతం కావాలి" అని. తేజస్సు అడిగింది చదువుకి, మనుషులకి కాదు.

తాళపత్రం:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి గట్టు గారూ, శంకరభాష్యంలో "తేజస్వినోః ఆవయోః" అని గురుశిష్యులిద్దరికీ అన్వయించారు. మాస్టారు చెప్పిందానికి ఆధారం ఉంది.

గోదారి గట్టు:
అది అన్వయం, పదవిభాగం కాదు. తేజస్వినౌ అని ద్వివచనం, అంటే ఇద్దరిని చెప్పే రూపం, పెడితే అస్తు అనే ఏకవచన క్రియతో ఎలా కుదురుతుంది? అస్తు పట్టుకున్నది అధీతాన్ని. ఇదే శాంతిమంత్రంలో పైన వచ్చే సహ నావవతు, సహ నౌ భునక్తు రెండిట్లోనూ నౌ విడిగానే ఉంది కదా, ఇక్కడికొచ్చేసరికి ఎందుకు అతుక్కుంటుంది?

భీమిలి దారి:
నాకు ఎప్పట్నుంచో ఒక అనుమానం. ఆ రెండు పాములే ఈ నౌ. వెతికేవాడు శిష్యుడు, కాపాడేవాడు గురువు. ముద్ర గీసింది కౌతా రామమోహన శాస్త్రి గారు, దగ్గరుండి గీయించింది కట్టమంచి రామలింగారెడ్డి గారు, ముసలమ్మ మరణం రాసిన మనిషి. బొమ్మలో రెండు పెట్టి కింద ద్వివచనం ఉన్న వాక్యం పెట్టడం ఊరికే జరిగిందంటే నేను నమ్మను. చెరువు కట్ట కోసం ఒక కోడలు ప్రాణమిచ్చిన కథని చదువుకునే రోజుల్లోనే అంత నిబ్బరంగా చెప్పినాయన, 1930లో గాంధీగారి అరెస్టుకి నిరసనగా వైస్ ఛాన్సలర్ పదవే వదిలేశాడు. ఆయన ఏదీ ఊరికే చేయడు.

తాళపత్రం:
పాముల సంగతి బాగుంది, కానీ శాఖ అన్న మాటని అందరూ వదిలేశారు. ఈ వాక్యమున్నది తైత్తిరీయంలో, అదే కృష్ణ యజుర్వేదంలో ఒక శాఖ! యాజ్ఞవల్క్యుడు గురువుతో పేచీ పడి చదివిందంతా కక్కేస్తే మిగతా శిష్యులు తిత్తిరి పక్షులై తిన్నారట, అలా పుట్టింది. వేదంలో శాఖ అంటే ముక్క కాదు, దాని పాఠం దానికి ఉన్న నిండు చదువు. డిపార్ట్‌మెంట్‌కి శాఖ అని పేరు పెట్టినవాళ్ళ మనసులో ఇదే ఉండుంటుంది. డిపార్ట్‌మెంటే అసలు చదువు, కాలేజీ అనేది ప్రిన్సిపాల్ ముద్ర కోసం కట్టిన కప్పు.

చార్మినార్ చౌరస్తా:
మాస్టారూ, రెవెన్యూ శాఖ, నీటిపారుదల శాఖ కూడా తైత్తిరీయం నుంచే వచ్చాయా? 1918లో ఉస్మానియా ఉర్దూలో మొదలైనప్పుడు డిపార్ట్‌మెంట్‌ని షోబా అన్నరు, దానికీ కొమ్మ అనే అర్థం. చెట్టు పోలిక అందరికీ తోచేదే, వేదం దాకా పోవాల్నా? ఫ్యాకల్టీకైతే మా దిక్కు మాట తయారుగుంది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు సాహిత్య పీఠం, జానపద గిరిజన విజ్ఞాన పీఠం అన్నరు కద, పీఠం అని రాసెయ్యండి.

వాల్తేరు వాసి:
పీఠానికి ఊరుంటుందండీ, రాజమండ్రిలో ఒకటి, శ్రీశైలంలో ఒకటి, వరంగల్‌లో ఒకటి. ఫ్యాకల్టీకి గోడలే ఉండవు. కాలేజీకి గోడలుంటాయి, ఫారం మీద హెచ్‌ఓడీ సంతకమయ్యాక ప్రిన్సిపాల్ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడితే ఆ తేడా తెలుస్తుంది. తాళపత్రం గారూ, శాఖే నిండు చదువైతే మా దగ్గర సైన్స్ కాలేజీలో కెమిస్ట్రీ ఉండగా ఇంజనీరింగ్ కాలేజీలో ఇంజనీరింగ్ కెమిస్ట్రీ అని మరో డిపార్ట్‌మెంట్ ఎందుకుంది? ఒకే చదువుకి రెండు కాలేజీల్లో రెండు శాఖలు.

తాళపత్రం:
యజుర్వేదం ఒకటే, కృష్ణం వేరు, శుక్లం వేరు. నా మాటకి ఇంతకంటే బలం ఏం కావాలి?

భీమిలి దారి:
ఏ కాలేజీకీ చెందని చోటు ఒకటుంది, లైబ్రరీ. అక్కడ ఒకప్పుడు అబ్బూరి రామకృష్ణారావు గారు లైబ్రేరియన్‌గా ఉండేవారు. ఊహాగానం రాసిన కవి చేతిలో అన్ని డిపార్ట్‌మెంట్ల పుస్తకాలూ ఉండటం ఆ యూనివర్సిటీ చేసుకున్న అదృష్టం. ఆయన పద్యాలు ఇప్పుడెవరైనా చదువుతున్నారా? భావకవిత్వం అంటే కృష్ణశాస్త్రి గారి దగ్గరే ఆగిపోతారు.

చార్మినార్ చౌరస్తా:
రాయప్రోలును మరిచిపోతె ఎట్ల? ఉస్మానియాలో తెలుగు చెప్పింది ఆయనే.

గోదారి గట్టు:
రాయప్రోలు గురించి వేరే పోస్టు పెట్టండి, వస్తాను. వాసి గారూ, సంచికలో మాత్రం "తేజస్వి" తర్వాత ఖాళీ వదలండి. "తేజస్వినావధీత" అని కలిపేస్తే నూటికి తొంభై మంది "నావ" అనుకుంటారు.

తాళపత్రం:
కలిపి రాస్తేనే సంధి కనపడుతుంది. ఖాళీ వదలొద్దు.