బయటి రాష్ట్రం పిల్లలు సైటులో ఎక్కట్లేదు – ఎవురన్నా చెప్పండబ్బా

వరదయ్యపాళెం టీచరు
మధ్యాహ్నం కూర్చుంటే ఇంతవరకూ తెమల్లేదు, యాష్ట పుట్టింది. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన అక్కాతమ్ముళ్లు మా బడిలో చేరినారు. నాయన శ్రీసిటీలో పని. పిల్లలు రోజూ వస్తా ఉండారు, అన్నం తింటా ఉండారు. పిల్లల వివరాలు ఎక్కించే యూడైస్ సైటులో పెన్ (ఒక్కో పిల్లకి ఇచ్చే శాశ్వత నంబరు), పుట్టిన తేదీ కొడితే రికార్డు లేదంటుంది. సరే కొత్తగా ఎక్కిద్దామంటే ఆధార్ ఇదివరకే ఉందంటుంది. టీసీ లేకుండా ఎవురు చేర్చుకోమన్నారని హెచ్‌ఎం గారు గొడవ. ఆ పిల్లకేమో తెలుగు ముక్క రాదు, క్లాసులో ఉలకదు పలకదు. రవంత తొందరగా చెప్పండి.

చిత్తూరు ఎంఐఎస్
ఏ రాష్ట్రం? ఏ తరగతి? పెన్ ఎక్కడ దొరికింది?

వరదయ్యపాళెం టీచరు
బయటి రాష్ట్రం అన్నాను కదా సార్. పెన్ పాత ప్రోగ్రెస్ కార్డు మీదుంది.

చిత్తూరు ఎంఐఎస్
బయట చాలా రాష్ట్రాలున్నాయి మేడమ్.

పుత్తూరు రిటైర్డ్ హెచ్‌ఎం
అమ్మా, మిమ్మల్ని కసురుకున్న హెచ్‌ఎం గారికి ముందు ఇది చూపించండి. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 5: పిల్లలు రాష్ట్రం లోపలైనా, రాష్ట్రం దాటైనా బడి మారొచ్చు. పాత బడి హెడ్మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలి. అది రావడం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకపోవడానికి వీల్లేదు, జాగు చేయడానికీ వీల్లేదు. సెక్షన్ 14: వయసు రుజువు లేదని తిప్పి పంపకూడదు. సెక్షన్ 15: సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. ఇదంతా 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అయినా మన బళ్లలో ‘టీసీ తెస్తేనే’ అనే మాట పోలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల చేతికి రిజిస్టర్లు ఇస్తారు గానీ చట్టం పుస్తకం ఇవ్వరు, జబ్బంతా అక్కడుంది.

మీరు చేయాల్సింది ఇంతే. తల్లిదండ్రుల దగ్గర తెల్లకాగితం మీద దరఖాస్తు రాయించండి. పుట్టిన తేదీకి వాళ్ల స్వీయ ప్రకటన, పాత బడి పేరు, ఊరు, జిల్లా, చదివిన తరగతి అందులోనే ఉండాలి. సంతకమో వేలిముద్రో వేయించుకోండి. అడ్మిషన్ రిజిస్టరులో నంబరు ఇచ్చి, రిమార్కుల గడిలో ‘టీసీ రావలసి ఉంది’ అని రాసి హెచ్‌ఎం సంతకం తీసుకోండి. ఆ రోజు నుంచే హాజరు వేయండి. ఆన్‌లైన్ సంగతి ఆ తర్వాత.

చిత్తూరు ఎంఐఎస్
ఆమె అడిగింది ఆన్‌లైన్ సంగతే.

పుత్తూరు రిటైర్డ్ హెచ్‌ఎం
సైటు కన్నా చట్టం పెద్దది నాయనా.

కుప్పం సీఆర్‌ఎంటీ
మేడమ్, పాత బడి నుంచి పేరు తెచ్చుకునే ‘ఇంపోర్ట్’లో కొట్టాల్సింది అసలు పుట్టిన తేదీ కాదు, పాత బడివాళ్లు యూడైస్‌లో ఎక్కించిన తేదీ. మీరు ఆధార్ చూసి కొడతా ఉంటారు. బడిలో చేరేటప్పుడు ఏదో ఒక తేదీ రాయించి, ఆధార్ తర్వాత తీసుంటే ఆ రెండూ కలవవు. ప్రోగ్రెస్ కార్డు మీదున్న తేదీ కొట్టి చూడండి. అదీ కాకుంటే ‘గెట్ పెన్ అండ్ డీఓబీ’ అని ఒకటుంటుంది, అందులో ఆధార్ నంబరు, పుట్టిన సంవత్సరం ఇస్తే సైటే చెబుతుంది. పెన్ 11 అంకెలుండాల, లెక్కపెట్టుకోండి. చేత్తో రాసిన కార్డుల్లో 1కీ 7కీ తేడా తెలీదు. ఇంపోర్ట్‌లో రాష్ట్రం లోపలిది వేరే, బయటిది వేరే. అలవాటుకొద్దీ మొదటిదే నొక్కేస్తుంటాం, అది కూడా చూడండి.

పాప పేరు వచ్చినాక డ్రాప్ బాక్స్‌లో (పాత బడి వదిలేసిన పేర్లుండే చోటు) ఉందంటే ఆ క్షణమే మీ బడికి తీసుకోవచ్చు. ‘యాక్టివ్’ అని చూపిస్తే పాత బడి ఇంకా వదల్లేదని అర్థం, మీరు రిలీజ్ రిక్వెస్ట్ పెట్టాల, వాళ్లు ఒప్పుకోవాల. అందుకే ఆ బడికి ఫోన్ చేసినప్పుడు ‘టీసీ పంపండి’ అంటే పని కాదు, ‘డ్రాప్ బాక్స్‌లో వెయ్యండి’ అని అడగండి. టీసీ లేకుండా వెళ్లిందని పెట్టే వీలు కూడా వాళ్లకుంది. కాగితం ఇవ్వకపోయినా పేరు వదలొచ్చు.

కొత్త ఎంట్రీ మాత్రం వద్దే వద్దు. ఆధార్ గడి ఖాళీగా వదిలి ఇంకో పెన్ పుట్టించినారంటే ఒకే పిల్లకి రెండు పెన్‌లు అవుతాయి, రేపు అపార్ (దేశమంతటా చెల్లే విద్యార్థి ఐడీ) దగ్గర ఇరుక్కుంటుంది.

వరదయ్యపాళెం టీచరు
తేదీ తేడానే సార్!! కార్డు మీదది కొడితే వచ్చింది. కానీ యాక్టివ్ అంటాంది. అది ప్రైవేటు బడి, ఫీజు బాకీ ఉందని టీసీ ఆపినారంట. తమ్ముడిది కూడా ఇట్లనే చెయ్యాలా? వాడసలు బడికే పోలేదు, ఎనిమిదేళ్లు.

చిత్తూరు ఎంఐఎస్
ఇది మొదటి పోస్టులో ఉండాల్సింది. రిలీజ్ రిక్వెస్ట్ పెట్టండి. పిల్లాడికి పెన్ లేదు కాబట్టి వాడికి మాత్రం కొత్త ఎంట్రీ.

పుత్తూరు రిటైర్డ్ హెచ్‌ఎం
పిల్లవాడికి సెక్షన్ 4. ఎనిమిదేళ్లంటే మూడో తరగతిలోనే కూర్చోవాలి. అక్షరాలు రావని ఒకటో తరగతిలో వేయకండి. తోటివాళ్లతో సమానం కావడానికి ప్రత్యేక శిక్షణ అతని హక్కు. కేంద్రం నమూనా నియమాల్లో అది కనీసం మూడు నెలలు, అవసరమైతే రెండేళ్ల దాకా. అక్కదీ వలసే కాబట్టి ఇద్దరినీ బడి బయటి పిల్లల జాబితాలో చేర్చి శిక్షణ అడగండి.

కుప్పం సీఆర్‌ఎంటీ
సార్, అక్కను ఆ జాబితాలో పెట్టకూడదు. వలస వచ్చినోళ్లంతా బడి బయటి పిల్లలు కారు. ఆ పాప నిన్నటిదాకా చదువుకున్నదే, బడి మారిందంతే. అందులో రాస్తే ఒకపక్క యూడైస్‌లో యాక్టివ్, ఇంకోపక్క బడి మానేసిన పిల్ల అని పోతుంది. రేపు సర్వేలో మేడమే సమాధానం చెప్పుకోవాల.

పుత్తూరు రిటైర్డ్ హెచ్‌ఎం
వలస పిల్లలకు సాయం అందడం ముఖ్యమా, మీ జాబితా ముఖ్యమా?

పాకాల ఎస్‌జీటీ
నాదొక మాట. ఐదు వరకే చదివిన పిల్లకయితే టీసీ ఏంది? రికార్డు షీటు కదా ఇచ్చేది.

చిత్తూరు ఎంఐఎస్
మన ప్రైమరీ బళ్లలో. వాళ్లకు ఫోన్ చేసి రికార్డు షీటంటే తెల్లమొహం వేస్తారు.

పాకాల ఎస్‌జీటీ
ఎవురేమన్నా దాని పేరు రికార్డు షీటే.

శ్రీకాళహస్తి తెలుగు పండితుడు
కాగితాల సంగతి మీరు తేల్చుకోండి. అమ్మా, పాప క్లాసులో పలకదన్నారు, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇంట్లో ఏ భాష? ఏ తరగతి?

వరదయ్యపాళెం టీచరు
ఒడియా సార్. ఆరు. అక్కడ ఇంగ్లీషు మీడియం.

శ్రీకాళహస్తి తెలుగు పండితుడు
ఒడియా అయితే సగం పని అయిపోయినట్టే. అక్షరమాల వరుస మనదే, క ఖ గ ఘ తో సహా. కాబట్టి అ ఆ ఇ ఈ చార్టు పెట్టి నెలరోజులు దిద్దించకండి, ఆరో తరగతి పిల్లకి అది అవమానంగా కూడా ఉంటుంది. ఒడియా చదవడం వస్తుందో లేదో ముందు చూసుకోండి, ఇంగ్లీషు మీడియంలో కొందరికి రాదు. వస్తే నోటుబుక్కులో ఎడమవైపు ఒడియా అక్షరం ఆ పిల్లనే రాయమనండి, కుడివైపు మీరు తెలుగుది రాయండి. అక్షరం కింద అక్షరం వేసే పద్ధతి వాళ్లకూ ఉంది గనక ఒత్తులు త్వరగా పట్టుకుంటుంది.

చిక్కంతా వేరేచోట. ఒడియాలో ఎ, ఏ తేడా లేదు, ఒ, ఓ తేడా లేదు. కొన, కోన ఒకేలా వినపడతాయి. చెరువు, చేరువ కూడా అంతే. డిక్టేషన్‌లో తప్పు వేసి ఎర్రసిరా పూస్తే లాభం లేదు, ముందు చెవికి తేడా తెలియాలి. రోజూ ఐదు నిమిషాలు ఇలాంటి జంటలు పలికి, పొట్టిదైతే ఒక వేలు, పొడుగుదైతే రెండు వేళ్లు చూపించమనండి. రాయడం ఆ తర్వాతే. మన వ వాళ్ల నోట బ అవుతుంది, మాట మొదట్లో య జ అవుతుంది: వాన బాన, యాత్ర జాత్ర. అ ని పెదాలు గుండ్రం చేసి ఒ లాగా పలుకుతారు, అందుకే ‘కలం’ అంటే ‘కొలం’ అని రాస్తుంది. ఇవి అశ్రద్ధ తప్పులు కావు. ‘అక్క వచ్చాడు’ అంటే పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వకండి. వాళ్ల క్రియల్లో ఆడామగా తేడా ఉండదు.

ఒకటో తరగతి కిట్లలో వచ్చే బొమ్మల నిఘంటువు ఒకటి అడిగి తీసుకుని ఇద్దరికీ ఇవ్వండి.

నగరి తమిళం
మా తమిళ మీడియం పిల్లలకు దీనికి పూర్తిగా రివర్సు సార్. ఎ ఏ, ఒ ఓ లు బ్రహ్మాండంగా వస్తాయి, క గ దగ్గర చస్తారు. తమిళంలో రెంటికీ ఒకటే అక్షరం కదా. ‘పుస్తగం’ అని రాస్తారు. ఒత్తులు అసలు లేవు, పొల్లు పెట్టి పక్కన రాసేస్తారు. దీనిమీద డీఈవో ఆఫీసుకు ఎన్నిసార్లు

నగరి తమిళం
సగంలో పోయింది. మా దగ్గర తమిళ మీడియం సెక్షన్లు ఉంటాయా ఉండవా అనే దానిమీద కూడా ఎవరైనా మాట్లాడాలి.

తిరుపతి పేరెంట్
ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లకి ఈ తెలుగు హింస ఎందుకు? మన పుస్తకాలు రెండు భాషల్లో ఉంటాయి కదా, ఇంగ్లీషు పేజీ చదువుకుంటుంది.

శ్రీకాళహస్తి తెలుగు పండితుడు
లెక్కలు, సైన్సు, సోషల్ అలా నడపొచ్చు, నడపాలి కూడా. మొదటి రోజు నుంచే ఆ పేజీ తెరిచి పెడితే పాప కనీసం లెక్కల్లోనైనా చెయ్యి ఎత్తుతుంది. కానీ పదో తరగతి ఫస్ట్ లాంగ్వేజ్ తెలుగు పేపరు ఎవరు రాస్తారు? 35 రావాలి. హిందీ అంటారా, ప్రభుత్వ బళ్లలో ఆరులోనే మొదలు, మన పిల్లలకూ కొత్తే. ఆ పీరియడులో అందరూ ఒకే గీత మీద ఉంటారు, పాపను అక్కడ ముందు బెంచీలో కూర్చోబెట్టండి.

తిరుపతి పేరెంట్
ఒడియా ఫస్ట్ లాంగ్వేజ్‌గా తీసుకోవచ్చు కదా.

చిత్తూరు ఎంఐఎస్
శ్రీకాకుళం వైపు. వరదయ్యపాళెంలో ఎవరు చెబుతారు?

పుత్తూరు రిటైర్డ్ హెచ్‌ఎం
సెక్షన్ 29లో వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని ఉంది. ఆ ‘వీలైనంతవరకు’ అనే మాటే కొంప ముంచింది.

పాకాల ఎస్‌జీటీ
మేడమ్, వాళ్లమ్మ ‘తల్లికి వందనం’ పథకం డబ్బుల కోసం అడుగుతుంది, మాట ఇచ్చేయకండి. ఏపీ రైస్ కార్డు కుటుంబం అయ్యుండాల, 75 శాతం హాజరుండాల. ఒడిశా కార్డుతో రాదు. కిట్టు, పుస్తకాలు, మధ్యాహ్న భోజనం వీటికి ఆ కార్డుతో పనిలేదు. అడ్మిషన్ కోసమని ఆధార్‌లో అడ్రసు మార్పించాల్సిన పనీ లేదు, ఊరికే సెంటర్ల చుట్టూ తిప్పొద్దండి.

కుప్పం సీఆర్‌ఎంటీ
మేడమ్, ఏమైంది? రిక్వెస్ట్ పెట్టినారా? వాళ్లు తిరస్కరిస్తే ఎంఈవో గారి ద్వారా అక్కడి బ్లాకు ఆఫీసుకు రాయించండి. పెన్, మీ బడి యూడైస్ కోడు, చేరిన తేదీ మూడూ ఆ ఉత్తరంలో ఉండాల. ఇంకోటి, తమ్ముడి ఎంట్రీలో ఆధార్ మీదున్న స్పెల్లింగే కొట్టండి, తండ్రి చెప్పింది కాదు. అపార్‌లో అక్షరం తేడా వచ్చినా ఒప్పుకోదు.

వరదయ్యపాళెం టీచరు
పెట్టినా సార్, పెండింగ్ అంటాంది. చూస్తా. థాంక్స్ అందరికీ.

పలమనేరు బడి
ఇక్కడే అడుగుతా ఉండా, ఏమనుకోవద్దు. కర్ణాటక నుంచి వచ్చిన పిల్లోడి టీసీ మీద శాట్స్ నంబరు అని ఉంది. పెన్ గడిలో అదే కొట్టేయొచ్చా?

చిత్తూరు ఎంఐఎస్
వద్దు. అది వాళ్ల రాష్ట్రం నంబరు. పైన సీఆర్‌ఎంటీ రాసింది చదవండి.

పాకాల ఎస్‌జీటీ
ఎన్నో తరగతి వరకు చదివినాడు? ఐదు లోపయితే అది కూడా రికార్డు షీటే.