సాలెన్-కీ ఫిల్టర్: సిమ్యులేషన్‌లో 10 కిలోహెర్ట్జ్, బోర్డు మీద 13

ప్రశ్న: ఎక్కువ ఫ్రీక్వెన్సీలని ఆపే సాలెన్-కీ ఫిల్టర్ కట్టాను. కటాఫ్ (సిగ్నల్ తగ్గిపోయే హద్దు ఫ్రీక్వెన్సీ) సిమ్యులేషన్‌లో 10 కిలోహెర్ట్జ్, బోర్డు మీద 13. ఎల్ఎం358 ఆప్-ఆంప్ (యాంప్లిఫయర్ చిప్), యూనిటీ గెయిన్ (ఒక రెట్టే), 12 వోల్టుల సింగిల్ సప్లై, బయాస్ 6 వోల్టులు. రెండు రెసిస్టర్లూ 1కె (కిలోఓం). కెపాసిటర్లు: సీ1 (ఫీడ్‌బ్యాక్) 22 నానోఫారడ్లు, సీ2 (గ్రౌండ్‌కి) 11 నానో, చిన్న సైజు ఎక్స్7ఆర్ (ఒక సిరామిక్ రకం). గ్రాఫ్‌లో కటాఫ్ దగ్గర కొద్దిగా బుడిపె. పైగా 200 కిలోహెర్ట్జ్ దాటాక సిగ్నల్ మళ్లీ పెరుగుతోంది! ఎందుకండీ?

జవాబు 1: బుడిపెకి కారణం సీ2. దాని మీద 6 వోల్టుల డీసీ ఉంది, సీ1 మీద దాదాపు సున్నా. డీసీ పడితే ఎక్స్7ఆర్ విలువ తగ్గుతుంది. సీ2 నాలుగో వంతు తగ్గితే క్యూ (కటాఫ్ దగ్గర ఎంత ఉబ్బుతుందో చెప్పే సంఖ్య) 0.707 నుంచి 0.82కి, కటాఫ్ 13 కిలోహెర్ట్జ్ దాకా పోతాయి. డీసీకి విలువ మారని సీ0జీ సిరామిక్ గానీ ఫిల్మ్ కెపాసిటర్ గానీ వేయండి.

జవాబు 2: పైన పెరగడం వేరే సంగతి. 1 మెగాహెర్ట్జ్ దగ్గర ఎల్ఎం358కి గెయిన్ మిగలదు, అవుట్‌పుట్ ఇంపీడెన్స్ పెరుగుతుంది. సిగ్నల్ సీ1 గుండా నేరుగా అవుట్‌పుట్‌కి దూరుతుంది. ఐడియల్ ఆప్-ఆంప్ మోడల్‌లో ఇది కనబడదు. రెసిస్టర్లు 10కె, కెపాసిటర్లు 2.2 నానో, 1.1 నానో చేయండి, లీకేజీ సుమారు 20 డీబీ తగ్గుతుంది. చాలకపోతే మల్టిపుల్ ఫీడ్‌బ్యాక్ అనే మరో రకం ఫిల్టర్ సర్క్యూట్‌కి మారండి.

జవాబు 3: 10కె చేశాక ఆసిలోస్కోప్ ప్రోబ్‌ని సీ2 మీద పెట్టకండి, 1ఎక్స్ సెట్టింగ్‌లో అసలే వద్దు. 100 పికోఫారడ్ల దాకా అదే కలిపేస్తుంది. అవుట్‌పుట్ దగ్గర 10ఎక్స్‌లో కొలవండి.