చివరి 20 షాట్లలో గ్రూపు (గుండ్లు తగిలే చోటు) ఎడమకు పోతోంది

ప్రశ్న: మా కాలేజీ జట్టు, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. 40 షాట్ల దాకా బాగానే ఉంటున్నారు, ఆ తర్వాత గుండ్లు ఎడమకు జారుతున్నాయి. అందరూ కుడిచేతి వాళ్ళే. సైట్ (రైఫిల్ మీది గురిచూసే భాగం) తిప్పించాలా?

జవాబు 1: వద్దండీ, ముందు పాదాలు చూడండి. రైఫిల్ ఎక్కుపెట్టి కళ్ళు మూసి, రెండు శ్వాసలు తీసి తెరవమనండి. గొట్టం కొసనున్న గురి రింగు లక్ష్యానికి ఎడమన ఆగితే కుడి పాదం పిసరంత వెనక్కి, కుడిన ఆగితే ముందుకి. చేత్తో లాగి సరిచేస్తే అలసట రాగానే కండరం వదిలేస్తుంది, మీరు చెప్పిన జారుడు అదే. ప్రతి 10 షాట్లకూ, రైఫిల్ దించి కూర్చున్న ప్రతిసారీ ఈ పరీక్ష తప్పనిసరి.

జవాబు 2: గురి కుదిరాక 8 సెకన్లు దాటితే కాల్చకుండా దించడం కూడా నేర్పండి. 60 షాట్లకు 75 నిమిషాలు, అంటే షాటుకు 75 సెకన్లు, తొందరెందుకు? గుండ్లు పక్కకు కాక కిందకి పడుతుంటే మాత్రం రైఫిల్ గాలి సిలిండర్‌లో ఒత్తిడి చూపే గేజీ చూడండి.

ప్రశ్న వేసినవారు: బూటు అంచుల దగ్గర నేల మీద టేపు అంటించొచ్చా?

జవాబు 1: సాధనలో సరే. పోటీలో కళ్ళు మూసే పరీక్షే దిక్కు.